కూడి నేర్చెడు చేతివిద్య: ఉన్నత కళాశాలలలో ఆన్‌లైను వేదికల యుపయోగము

(మన సంఘ వార్షిక మహాసభ విద్యాసమావేశమున చదివిన యుపన్యాసము)



ఉన్నతవిద్యను గూర్చి నాలుగు మాటలు చెప్పవలసినదని కార్యదర్శిగారు మాకు వ్రాసినప్పుడు, ఏమి చెప్పవలయునో వెంటనే తోచలేదు. ఏటేట ఈ వేదికపై విద్యను గూర్చి యుపన్యాసములు జరుగుచునే యున్నవి. మన పిల్లలను చదివింపుడని వక్తలు చెప్పుట, సభవారు కరతాళధ్వనులు చేయుట, పిదప అందరును భోజనములకు లేచుట మనకు అలవాటైన కార్యక్రమము. ఆ మాట మరల చెప్పుటకు మేము రాలేదు. పిల్లలు చదువుచునే యున్నారు. అయితే వారి చేతులేమి నేర్చుచున్నవి, నలుగురు కూడి యొక పనిని చేయుట వారికెంతవరకు తెలియుచున్నది అను సంశయము కొన్నియేండ్లుగా మా మనస్సును పీడించుచున్నది. దానిని మీ ముందుంచెదము.

మేము ఇరువది రెండేండ్లుగా ఒక ఇంజనీరింగు కళాశాలలో వర్కుషాపును, ఎలక్ట్రానిక్సు ప్రయోగశాలను నడుపుచున్నవారము. మా తండ్రిగారు కొలిమిపనివారు. పగలు బడికి పోయి, సాయంకాలము తిత్తికడ కూర్చుండిన బాల్యము మాది. కావున ఈ విషయమును రెండు గడపలనుండియు చూచిన యనుభవము మాకు కలదు.

కొలిమిపని యొక్కరు చేయునది కాదని పెద్దలకు చెప్పనక్కరలేదు, పిన్నలకై చెప్పుచున్నాము. నాగటికఱ్ఱు సాగదీయవలెనన్న ముగ్గురుండవలెను. ఒకరు తిత్తి నూదవలెను. ఒకరు పటకారుతో ఇనుమును దాగలిపై పట్టి చిన్నసుత్తితో తట్టవలెను. మూడవవాడు సమ్మెటతో కొట్టవలెను. ఆ చిన్నసుత్తి దెబ్బ ఇనుమును సాగదీయుటకు కాదు. ఇచట, ఇంత బలముతో, ఈ వాలున కొట్టుమని సమ్మెటవానికి చెప్పుటకు. వారిద్దరి నడుమ మాట యుండదు. మాటాడునంతలో ఇనుము చల్లారిపోవును. సుత్తి యినుమును విడిచి ఉత్త దాగలిపై మ్రోగెనా, సమ్మెట ఆగిపోవలెను. మా తండ్రిగారును మా పినతండ్రిగారును ఈ విధముగా ముప్పది యేండ్లు పని చేసిరి. ఇంటిలో వారిద్దరకును పొలముగట్టు తగవు వచ్చి మాటలు లేని రెండు సంవత్సరములలో కూడ కొలిమికడ ఒక దెబ్బయైనను తప్పలేదు.

మేము రెండేండ్లు తిత్తియే యూదితిమి. అప్పుడది శిక్షగా తోచినది. తరువాత తెలిసినదేమన, తిత్తికడ కూర్చుండినవాడే ఇనుము రంగును అందరికంటె ఎక్కువగా చూచును. 1991లో జీన్ లేవ్, ఎటియెన్ వెంగర్ అను పండితులు, పనిలో ప్రవేశించి పని నేర్చుటను గూర్చి యొక చిన్న గ్రంథమును ప్రకటించిరి. అందు పశ్చిమాఫ్రికాలోని లైబీరియా దేశపు దర్జీల వృత్తాంతము కలదు. అచట క్రొత్తగా చేరిన కుఱ్ఱవానికి కత్తెర నీయరు. కుట్టి ముగించిన యంగీకి గుండీలు కుట్టుట, అంచు మడచుట మొదలగు కడపటి పనులు మొదట నేర్పుదురు. గుడ్డ కత్తిరించుట చివరకు వచ్చును. తప్పు చేసినను గుడ్డ చెడని పని ముందు. తప్పు చేసినచో గుడ్డయే పోవు పని వెనుక. ఈ గ్రంథమును చదివినప్పుడు మాకు మా తిత్తి జ్ఞప్తికి వచ్చి నవ్వు వచ్చినది. మన తాతలు వ్రాయక ఆచరించిన దానిని దూరదేశమువారు శ్రమపడి చూచి వ్రాసిరి.

ఇక కళాశాల సంగతి. ఇంజనీరింగు మొదటి సంవత్సరపు విద్యార్థి వర్కుషాపులో వడ్రంగము, ఫిట్టింగు, కమ్మరము, రేకుపని, ఇంటి వైరింగు కొంచెము కొంచెముగా రుచి చూచును. పై తరగతులలో ప్రయోగశాలలో నలుగురకొక బల్ల యిత్తుము. చూచుటకిది కూడిపనియే. కాని ఆ బల్లకడ నేమి జరుగునో అధ్యాపకులందరకును తెలియును. ఒకడు పని చేయును. ఒకడు పుస్తకములో అంకెలు వ్రాయును. ఒకడు వాటిని చూచి వ్రాసికొనును. నాలుగవవాడు హాజరు పలుకును. నలుగురకును ఒకే మార్కులు వచ్చును. దీనికి మేమును బాధ్యులమే. ఎట్లు బాధ్యులమో చెప్పుటకే ఈ దినమున లేచితిమి.

2014లో మా ప్రయోగశాలలో నలుగురు విద్యార్థుల బృందమొకటి, నీళ్ళతొట్టి నిండిన వెంటనే మోటారును తానే ఆపివేయు సాధనమొకటి చేసినది. బోర్డు చక్కగా పనిచేసినది. వ్రాతపత్రము ముచ్చటగా నుండినది. పరీక్షనాడు ఒక అబ్బాయి ఇంగ్లీషులో గడగడ వివరించెను, మేము సంతసించితిమి. బృందములోని యాడపిల్ల గోడకానుకొని నిలిచి మాటాడలేదు. మేమామెను రెండు ప్రశ్నలడిగితిమి, ఇంగ్లీషులో తడబడినది. మిగిలిన ముగ్గురకంటె ఆమెకు తక్కువ మార్కులు వేసితిమి. ఆమె మన పిల్లయే. ఆ సంవత్సరము ఈ సంఘపు పారితోషికమునకై ఆమె దరఖాస్తు పెట్టుకొనగా, సంఘమువారు మా యభిప్రాయము నడిగిరి. బృందకార్యములో పాల్గొనుట చాలదని మేము వ్రాసి పంపితిమి. పారితోషికము మరియొకరికి పోయినది.

రెండేండ్ల తరువాత ఆమె ఏదో ధ్రువపత్రము కొరకు మా కళాశాలకు వచ్చినది. అదే వారము ఆ బోర్డు పనిచేయుట మానినది. ప్రయోగశాల సహాయకుడు రెండు దినములు చూచి విడిచిపెట్టెను. ఆమె బల్లపై దానిని చూచి, అడిగి తీసికొని, కూర్చుండి, పది నిమిషములలో అతుకు విడిన తీగెను కనిపెట్టి సరిచేసినది. పటము చూడలేదు. "అమ్మా, పటము లేకుండ నీకెట్లు తెలిసినది?" అని యడిగితిమి. "ఇవన్నీ అతికినది నేనే కదండీ" అనెను. ఆ మాటలో నిష్ఠురము లేదు. వసతిగృహములో రాత్రులు కూర్చుండి ఆమె ఆ పనిని యావత్తును చేసినది. తక్కినవారిలో ఒకడు వ్రాసెను, ఒకడు సామానులు తెచ్చెను, ఒకడు మాటాడెను. పని చేసిన చేయి మాకు కనబడలేదు, నోరు కనబడినది. ఆమెకు క్షమాపణ చెప్పుకొంటిమి. సంఘమునకు చెప్పుకొనుట ఇదియే మొదటిసారి.

ఆ దినమునుండి, కనబడని చేతిని కనబడునట్లు చేయుటకు ఉపాయము వెదకసాగితిమి. ఆన్‌లైను వేదికలవైపు మమ్ము త్రిప్పినది ఈ యవసరమే. క్రొత్తదనముపై మోజు కాదు.

ఈ వేదికలలో రెండు జాతులు కలవు. సామాన్యులు రెంటిని నొకటిగా భావింతురు. మొదటి జాతి పాఠమును దూరమునకు మోసికొని పోవునది. 2003లో ఐఐటీలును బెంగుళూరు ఐఐఎస్‌సీయును కలిసి ఆరంభించిన ఎన్‌పీటీఈఎల్, 2017లో కేంద్రప్రభుత్వము నెలకొల్పిన స్వయం ఇట్టివి. గొప్ప యాచార్యుల పాఠములను పల్లెలోని పిల్లవాడు ఉచితముగా విన గల్గుట సామాన్యమైన మేలు కాదు. స్వయం ద్వారా చదివిన దానిని డిగ్రీలో నూటికి 20 పాళ్ళ వరకు లెక్కించుటకు 2016లోను, 40 పాళ్ళ వరకు లెక్కించుటకు 2021లోను యూజీసీవారు నిబంధన లేర్పరచిరి. దూరవిద్య మన ప్రాంతమునకు క్రొత్తయు కాదు. భారతదేశమున మొదటి సార్వత్రిక విశ్వవిద్యాలయము 1982లో హైదరాబాదులోనే పుట్టినది. నేడది డాక్టరు బి. ఆర్. అంబేద్కరు పేర నున్నది. కాని ఈ జాతి వేదికలో ఒకడు చెప్పును, వేలమంది విందురు. వినువారిలో ఒకనికి మరియొకడు తెలియడు. చెవికి విద్య చేరును. చేతికి చేరునది స్వల్పము.

రెండవ జాతి వేదిక, పనిచేయువారిని ఒకరి కొకరు కనబడునట్లు చేయునది. మేము వాడుచున్న మూడిల్ ఇట్టిది. దీనిని మార్టిన్ డూగియామస్ అను ఆస్ట్రేలియా దేశస్థుడు నిర్మించెను. మొదటి ప్రతి 2002లో వెలువడినది. ఆయన చిన్ననాట జనావాసము లేని ఎడారిసీమలో నివసించి, బడి దూరమగుటచే రేడియో మూలమున పాఠములు నేర్చినవాడు. అందువలననే కాబోలు, దూరముననున్నవాని యొంటరితన మాయనకు తెలిసినది. విద్యార్థులు తమలో తాము మాటాడుకొనుటకు, కూడి వ్రాయుటకు, ఒకరి పని నొకరు చూచుటకు వలయు నేర్పాట్లన్నియు నందులో నున్నవి. దీనికి వెల లేదు. ఎవరైనను దించుకొని తమ కంప్యూటరులో నిలుపుకొనవచ్చును. అయినను దానిని నడుపుటకొక సర్వరు, చూచుకొనుటకొక మనిషి వలయును. ఆ వ్యయమును మరచి ఉచితమని మురిసిన కళాశాలలు కొన్ని తరువాత చిక్కుపడినవి.

ఇందులో మాకు మిక్కిలి యుపకరించిన భాగమునకు మూడిల్‌వారు పెట్టిన పేరు కూడ వర్కుషాపే! దాని నడక కొంత వివరముగా చెప్పెదము. మొదట అధ్యాపకుడు పనిని, ఆ పనిని పరీక్షించు గుర్తులను వ్రాసి యుంచును. విద్యార్థి తన పనిని ఫోటోగానో, రెండు నిమిషముల వీడియోగానో అందులో చేర్చును. గడువు ముగిసిన పిమ్మట ఒక్కొక్కరి పని ముగ్గురేసి తోటివారికి పోవును. పేర్లు కనబడకుండ చేయవచ్చును. ఆ ముగ్గురును గుర్తులను బట్టి పరీక్షించి, ఏది బాగున్నది, ఏది చెడినది వ్రాయవలెను. చివరకు ప్రతివానికిని రెండు మార్కులు వచ్చును. ఒకటి తాను చేసిన పనికి, రెండవది ఇతరుల పనిని తాను పరీక్షించిన తీరునకు. ఈ రెండవ మార్కే దీని ప్రాణము. ఇతరులు వేసినదానితో పోల్చి దానిని కంప్యూటరు లెక్కకట్టును. అది తప్పని తోచినచో అధ్యాపకుడు మార్చవచ్చును. స్నేహితుడని నూటికి నూరు వేసినవాడు ఇందులో తానే నష్టపడును.

ఉదాహరణకు టంకము పెట్టుట తీసికొందము. స్వర్ణకార సోదరులకిది నిత్యకృత్యము. వారు వెలిగారము వేసి చేయుదానిని మేము వేరు ద్రావకముతో చేయుదుము. తగరము 63 పాళ్ళు, సీసము 37 పాళ్ళు కలిసిన మా టంకము 183 డిగ్రీల సెంటీగ్రేడున కరగును. వేడి చాలనిచో టంకము ముద్దగట్టి కూర్చుండును. పైకి అతికినట్లే కనబడి లోపల అతుకదు. మంచి యతుకు అంచులు పలుచబడి, తీగె చుట్టును చిన్న గోపురమువలె దిగును. దానిపై వెలుగు పడిన మెరయును. అతుకు మెరయుచున్నదా, అంచు నానినదా, తీగె ఆకారము కనబడుచున్నదా, ప్రక్క అతుకుతో అంటుకొన్నదా అను నాలుగు గుర్తులను మేమిచ్చితిమి. మొదటి వారమున పిల్లలు అన్నిటికిని బాగున్నదనియే వ్రాసిరి. మూడవ వారమునకు వారి కన్ను మారినది. సీసము లేని టంకముతో చేసిన యొక అతుకును మసకగా నున్నదని ఇద్దరు తప్పుపట్టగా, ఆ టంకపు నైజమే అంత మెరుగులేనిదని మూడవ యమ్మాయి వాదించి గెలిచినది. మా గుర్తుల పట్టికనే మేము దిద్దుకొనవలసి వచ్చినది. ఇతరుల యతుకు లిరువది చూచినవాడు తన యతుకును తాను చూచుకొన గల్గును. తిత్తికడ కూర్చుండి రంగు చూచుట యన్న నిదియే.

అయితే దూరమున నేర్పుట యేమో మాకు నిజముగా తెలిసినది 2020లో. మార్చి 25వ తేదీనుండి దేశమంతయు మూతపడినది. పిల్లలు ఇండ్లకు పోయిరి. ప్రయోగశాల తాళము మా జేబులో నుండెను. దేశములోని పలు విద్యాసంస్థలు, మన హైదరాబాదు ట్రిపుల్ ఐటీతో కూడ కలిసి, అంతకు పూర్వమే వర్చువల్ లాబ్స్ అను పేర ప్రయోగములను కంప్యూటరు తెరపై నాడించు నేర్పాటు చేసి యుండిరి. వాటిని వాడితిమి. అవి సూత్రము తెలియుటకు చాల మంచివి. కాని తెరపైని తీగె ఎన్నడును వదులు కాదు. తెరపైని దీపము మాడిపోయి కంపు కొట్టదు. మరికొందరు దేశాంతరములవారు వేరు మార్గము త్రొక్కిరి: నిజమైన సాధనము ఒకచోట నుండును, విద్యార్థి మరియొకచోట నుండి దానిని నడుపును. అమెరికాలో ఎంఐటీవారు 1998లోనే సూక్ష్మ ఎలక్ట్రానిక్సునకు ఇట్టి ప్రయోగశాల నడిపిరి. ఇందు కొలతలు నిజమైనవి; చేతిపని మాత్రము లేదు.

మాకు నచ్చిన దారి వీటికంటె పాతది. ఇంగ్లండులోని ఓపెన్ యూనివర్సిటీ 1971లో పాఠములు మొదలుపెట్టినపుడు విజ్ఞానశాస్త్ర విద్యార్థుల యిండ్లకు ప్రయోగసామగ్రిని పెట్టెలలో పంపెడివారు. అందులో చిన్న సూక్ష్మదర్శినియు నుండెడిది. మేమును ఆ యేడు ఆగష్టులో ఒక్కొక్క విద్యార్థికి చిన్న పొట్లము తపాలాలో పంపితిమి. రంధ్రముల పలక, కొన్ని తీగెలు, దీపములు, ఒక ఆర్డువీనో పలక, అంతియే. వేడి టంకపుకమ్మి పంపలేదు; దగ్గర పెద్దవారు లేనిచోట అది ప్రమాదము. వారు చేతులు కనబడునట్లు ఫోనును నిలిపి పనిచేయవలెను, ముఖము కనబడనక్కరలేదు. ఒక యమ్మాయి బియ్యపుడబ్బాపై మానికను బోర్లించి దానిపై ఫోను నిలిపినది. ఆ నెలలో అంతకంటె మంచి కెమెరా పీట మేము చూడలేదు.

ఒకనాడు ఒక పిల్లవాని దీపము వెలుగలేదు. మేము ఇరువది నిమిషములు ఫోటోలు చూచి, తీగెలన్నియు సరిగానున్నవనియు, దీపమే చెడినదనియు తేల్చితిమి. ఆ సంభాషణను చదివిన మరియొక పిల్లవాడు ఒక్క పంక్తి వ్రాసెను: ఆ పలక ప్రక్కనున్న విద్యుత్తు వరుస నడుమ తెగియుండును, ఈవలి సగమున విద్యుత్తిచ్చిన ఆవలి సగమునకు రాదు, నడుమ తీగె వేయుమని. అట్లు చేయగా దీపము వెలిగినది. కొన్ని పలకలు నిజముగా నట్లే యుండును. మాకు తెలియనిది కాదు, ఆ సమయమున తోచలేదు. వానికెట్లు తోచినది? ముందటి దినమున తానదే గోతిలో పడి లేచినాడు. ప్రయోగశాలలోనైనచో వాని మాట ఆ బల్లకడనే యుండిపోయెడిది. వ్రాతలో నుండుటచే వందమంది చదివిరి. మరుసటి సంవత్సరపు పిల్లలును చదివిరి.

కళాశాల తెరచిన పిదప మేము పాత పద్ధతికి పోలేదు, అన్నియు ఆన్‌లైనుననే చేయవలెననియు అనుకొనలేదు. చేతికి ముందు జరుగవలసిన పనిని, చేతికి వెనుక జరుగవలసిన పనిని వేదికకు వదలి, చేతిపనిని బల్లకే ఉంచితిమి. అమెరికాలో టెక్సాసు రాష్ట్రపు ఆస్టిన్ పట్టణమున 1971లో, వేర్వేరు జాతుల పిల్లలు క్రొత్తగా ఒకే తరగతిలో కూర్చుండవలసి వచ్చి కలహించుచుండగా, ఎలియట్ ఆరన్‌సన్ అను మనశ్శాస్త్రజ్ఞుడు ఒక యుపాయము చేసెను. పాఠమును ముక్కలు చేసి, ఒక్కొక్కరికి ఒక్కొక్క ముక్కనే యిచ్చెను. తక్కినవాని ముక్క వినక ఎవనికిని పాఠము పూర్తికాదు. ఎదుటివానిని వెక్కిరించిన, నష్టపోవునది తానే. మేమును నలుగురి బృందమున కట్లే చేయుచున్నాము. ఒకరు విద్యుత్తు భాగమును, ఒకరు కొలుచు భాగమును, ఒకరు ప్రోగ్రామును, ఒకరు అతుకుపనిని తీసికొందురు. వేర్వేరు బృందములలో ఒకే భాగము నేర్చువారు వేదికపై ముందుగా కూడుకొని, వీడియోలు చూచి, తమలో తాము చర్చించి, తరువాత తమ తమ బల్లలకు వచ్చి నేర్పుదురు. పక్షమున కొకసారి పాత్రలు మారును. మాటకారి యైనవాడును కమ్మి పట్టవలసినదే. మౌనముగా నుండునదియు వివరింపవలసినదే, అది తెలుగులోనైనను సరే. బృందములో అన్ని కులములవారును ఉందురు. ఈ వేదికపై నిలిచి ఆ మాట చెప్పుటకు మేము సంకోచింపము. మన కొలిమికి కఱ్ఱు తెచ్చిన రైతు మన కులమువాడా?

కూడి వ్రాయు దినచర్యలో ఎవరు ఏనాడు ఏ పంక్తి వ్రాసిరో, ఏది కొట్టివేసిరో చరిత్ర యుండును. 2014లో ఇది యుండిన ఆ బాలికకు అన్యాయము జరిగెడిది కాదని మొదట పొంగిపోతిమి. ఆ పొంగు త్వరలోనే దిగినది. పిల్లలు మాకంటె తెలివైనవారు. ఒకడు నలుగురి పాస్‌వర్డులును తీసికొని నాలుగు పేర్లతో తానే వ్రాసిన సందర్భము మాకెదురైనది. వ్రాతచరిత్ర సాక్ష్యమే గాని తీర్పు కాదు. అందువలన చివరి పరీక్షను మరల బల్లకు తెచ్చితిమి. బృందము చేసిన బోర్డులో మేము రహస్యముగా ఒక లోపము కల్పింతుము. నలుగురిలో ఎవరు దానిని కనిపెట్టవలెనో చీటివేసి అప్పుడే చెప్పుదుము. ఆ యొక్కరి మార్కు నలుగురకును. ఈ నియమము పెట్టిన నాటినుండి, పరీక్షకు ముందు రాత్రి వసతిగృహములో వెనుకబడినవానిని తక్కిన ముగ్గురు కూర్చుండబెట్టి నేర్పుట మేము కన్నులార చూచుచున్నాము. మొదట కొందరు తండ్రులు మాపై ఫిర్యాదు చేసిరి. వారి కోపము అకారణము కాదు. చీటి యన్నది కొన్నిసార్లు అన్యాయము చేయును. అందుచే ఆ మార్కును మొత్తములో నాలుగవ వంతునకు తగ్గించితిమి.

ఈ వేదికలు చేయలేని పనులును కలవు. కొలిమిలోని ఇనుమును ఫోనుతో తీసి చూడుడు. ఫోను వెలుగును తానే సరిచేసికొనును. ఎఱ్ఱని యినుము పసుపుగాను, పసుపు ఇనుము తెల్లగాను కనబడును. కొలిమిపనికి రంగే గడియారము. ఆ రంగే తప్పినపుడు ఎన్ని వీడియోలున్న నేమి? ఉలికి తగిలిన కొయ్య ఎదురుపోగు చేతికి తెలియవలెను, తెర చెప్పదు. అదిగాక పల్లెలో ఫోను కొకరే యజమానులు, వారు పొలమునకు పోవునపుడు ఫోనును పోవును. వేదికపై నున్న సామగ్రి నూటికి తొంబదిపాళ్ళ వంతు ఇంగ్లీషున నున్నట్లే మాకు తోచుచున్నది. ఈ పద్ధతిలో అధ్యాపకుని శ్రమ తగ్గునని యెవరైన చెప్పిన నమ్మకుడు. మాకది పెరిగినది, రాత్రి పది గంటలకు గూడ ఎవరో ఒకరు అతుకు ఫోటో పంపుచునే యుందురు.

ఇంగ్లీషు కష్టమునకు ప్రతిగా ఒక చిన్న పని మొదలు పెట్టితిమి. మూడిల్‌లో పదకోశము కూర్చు ఏర్పాటొకటి కలదు. మీ యింటిలో, మీ వీధిలో పనిముట్లను ఏమందురో వ్రాయుడని పిల్లల నడిగితిమి. చిత్రిక, బాడిస, ఆకురాయి, మూస, ఊదుగొట్టము, పట్టెడ. ఒకే పనిముట్టునకు శ్రీకాకుళపువా డొక మాట, పాలమూరువా డొక మాట వ్రాసిరి. ఒక కంచరి పిల్లవాడు తాతగారి నడిగి పది మాటలు తెచ్చెను. వాటిలో మూడు మేమెన్నడును వినలేదు. మన కులపు మాటలు తమ చదువునకు పనికివచ్చునని ఆ పిల్లవాడు అంతవరకు తలపలేదట.

ఇపుడు మా విన్నపము. మన వసతిగృహములోని విద్యార్థుల కందరకును తలకొక టాబ్లెట్టు కొని యీయవలెనని నిరుడు కార్యనిర్వాహకవర్గము తలపోసినది. దాతలు ముందుకు వచ్చిరి. వారి యౌదార్యమునకు నమస్కరించుచున్నాము. ఆ ద్రవ్యములో సగము వేరుపనికి మరలింపవలసినదని ప్రార్థించుచున్నాము. తలకొకటి యిచ్చినచో ప్రతివాడును తన మంచముపై తాను ఒంటరిగా కూర్చుండును. వసతిగృహమున క్రిందియంతస్తులో ఒక గది ఖాళీగా నున్నది. అందులో నాలుగు పనిబల్లలు, రెండు వైసులు, టంకపుకమ్మీలు, పొగ పోవుటకొక ఫ్యాను, రెండు కంప్యూటర్లు, చేతులను తీయుటకు రెండు ఫోనుపీటలు, తెగని ఇంటర్నెట్టు ఉంచినచో ఇతర కళాశాలల మన పిల్లలును, మనవారు కాని వారి స్నేహితులును కూడ సాయంకాలములు వచ్చి కూడి పనిచేయుదురు. ఆ గదికి తాళముచెవి విద్యార్థుల చేతనే యుండవలెను.

వారమున కొక రాత్రి మన వృత్తిపెద్ద యొకరు వచ్చి ఆ గదిలో కూర్చుండవలెనని మా కోరిక. ఉపన్యాసము అక్కరలేదు. తమ పని తాము చేసికొనుచు, పిల్లలు చేయుదానిని చూచుచు, తోచినపుడు చిన్నసుత్తితో తట్టిన చాలును. వారి చేతులను, వారి యనుమతితో, వారి పేరుతో వీడియో తీసి పిల్లలు దాచుకొందురు. మన గుట్టు బయటపడునని కొందరు పెద్దలు భయపడుచున్నారు. ఆ భయము మేమెఱుగనిది కాదు. మా తండ్రిగారు ఉలికి నీరుపెట్టు పాళమును ఎవరికిని చెప్పలేదు. మాకును పూర్తిగా చెప్పలేదు. ఆయన పోయి పదునాలుగేండ్లయినది. ఆ పాళము మా చేతిలో లేదు, ఎవరి చేతిలోను లేదు. ఏది చూపవలెనో ఏది చూపరాదో నిర్ణయించు హక్కు పనివానిదే కావలెను. వచ్చిన పెద్దకు ఆ రాత్రి కూలియు బండిఖర్చును సంఘమే యీయవలెను. ఆచార్యునికి బత్తెమిచ్చి పనివానిని ధర్మమునకు పిలుచుట మన సంఘమునకు తగదు.

ఈ విషయము రేపు ఉదయము విషయనిర్ణయ సంఘము ముందుకు వచ్చును. అభ్యంతరములున్నవారు ఈ రాత్రికే కార్యదర్శిగారికి వ్రాసి యీయగోరెదము. ఆ బాలిక చేసిన బోర్డును వెంట తెచ్చితిమి. ఆమె యనుమతి నిచ్చినది గాని పేరు చెప్పవలదన్నది. భోజనానంతరము ద్వారము ప్రక్క బల్లపై నుంచెదము. పక్కనున్న గిన్నెలో నీళ్ళు పోయుడు. తీగెకొనకు నీరు తగిలినంతనే ఎఱ్ఱదీపము ఆరి, మోటారు నిలుచును. బోర్డును త్రిప్పి వెనుకప్రక్క అతుకులను కూడ చూడుడు.